పళ్ల మరకలు పోవాలంటే పళ్లే అరగదీయాలా?

ఈ మధ్య రీల్స్ తిప్పుతుంటే రెండు మూడింటికొకటి పళ్ల వీడియో వస్తోంది. ముందు పసుపుపచ్చ పళ్లు. ఒక చిటికె. తర్వాత గోడకు కొత్తగా సున్నం కొట్టినట్టు తెల్లటి పళ్లు. ఆ చిటికెకు ముందూ వెనకా మధ్యలో పంటికి ఏం చేశారో మాత్రం ఎవరూ చూపించరు. ఈ వారం ఆ మధ్యలో సంగతే మాట్లాడుకుందాం. పెళ్లి ఫొటోలకో, ఉద్యోగం ఇంటర్వ్యూకో పళ్లు తెల్లగా చేయించుకుందామని చూస్తున్నవాళ్లు మీలో చాలామందే ఉంటారు కదా. డబ్బు కట్టేముందు ఓ పది నిమిషాలు దీనికివ్వండి.

ఈ విషయం నాకు వినికిడితో తెలిసింది కాదు. మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు. ఆ పేరు వినగానే కొందరికి ఫ్లోరైడ్ గుర్తొచ్చే ఉంటుంది. నా ముందు పళ్ల మీద తెల్లటి మబ్బుల్లాంటి మచ్చలు, వాటి మధ్య గోధుమరంగు చారలు, రెండు పళ్ల మీద సన్నటి గుంటలు ఉండేవి. ఊళ్లో ఉన్నన్నాళ్లూ అవి మరకలని కూడా అనిపించలేదు. నా ఈడు పిల్లలందరివీ అలాగే ఉండేవి మరి! ఇంటర్‌కి హైదరాబాద్ వచ్చాక హాస్టల్లో ఓ అమ్మాయి 'నువ్వు సరిగ్గా బ్రష్ చేస్కోవా?' అని అడిగింది. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఆ రోజు నుంచి గ్రూప్ ఫొటోల్లో నా నోరు మూసుకునే ఉంటుంది.

పోయినేడు ఓ సంబంధం వాళ్లు చూడ్డానికి వచ్చారు. వచ్చినవాళ్లలో ఒకావిడ 'ఒక్కసారి నవ్వమ్మా' అంది. నవ్వాను. ఆ సంబంధం కుదర్లేదు. కారణం పళ్లే అని వాళ్లు చెప్పలేదు, మేం అడగలేదు. కానీ ఆ రాత్రి మా అమ్మ నా మంచం పక్కన కూచుని, 'పండ్లు బాగ చేపిచ్చుకో బిడ్డా. చీటి ఎత్తిన, లక్ష రూపాలున్నయ్' అంది. ఐదేళ్లు కట్టిన చీటీ అది. అమ్మవీ నాలాంటి పళ్లే. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఆ కొంగు తియ్యగా నేనెప్పుడూ చూళ్లేదు.

సంబంధం కోసం పళ్లు మార్చుకోవాలా వద్దా అని నాలో నేను చాలా రోజులు వాదించుకున్నాను. చివరికి తేలిందేంటంటే, ఆ వచ్చినావిడ కోసం అయితే వద్దు. ఫొటోలో నోరు తెరిచి నవ్వాలని నాకే ఉంది కాబట్టి కావాలి. సరే, అక్కడిదాకా బానే ఉంది. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలైంది.

మొదటి క్లినిక్‌లో లెక్క

యాడ్ చూసి ఒక క్లినిక్‌కి వెళ్లాను. అద్దాల గది, కాఫీ, ట్యాబ్‌లో నా ఫొటో. ఫొటోలో నా పళ్ల మీద తెల్ల పళ్లు అతికించి చూపించారు. బాగున్నాయి, కాదనను. పైన 10 పళ్లకు జిర్కోనియా క్యాప్‌లు, ఒక్కోటి 12,000. మొత్తం లక్షా ఇరవై వేలు. 'రెండు సిట్టింగుల్లో అయిపోద్ది మేడమ్, ఈఎంఐ కూడా ఉంది' అన్నారు.

'మరి నా పళ్లకేం చేస్తారు?' అని అడిగాను.

'కొంచెం ట్రిమ్ చేస్తాం.'

'కొంచెం అంటే?'

చుట్టూ ఒక మిల్లీమీటరు దాకా అరగదీస్తారట. అరగదీసిన పళ్లు ఎలా ఉంటాయో ఇంటికొచ్చి చూశాను. చెక్కిన పెన్సిల్ మొనల్లా ఉన్నాయి. నావి పుచ్చిపోయిన పళ్లు కావు, కదులుతున్న పళ్లూ కావు. చెరుకు గడ కొరికి తినే పళ్లు. రంగు కోసం వాటిని చెక్కేస్తే, ఇక జన్మంతా వాటి మీద ఏదో ఒక టోపీ ఉండాల్సిందే. సంతకం పెట్టకుండా లేచొచ్చాను.

మరక ఎక్కడుంది?

తర్వాత ఒక డెంటల్ కాలేజీ ఆస్పత్రిలో ఓపీ చీటీ రాయించుకున్నాను. అక్కడి పెద్ద డాక్టరమ్మ నా పళ్లను గాలితో ఆరబెట్టి చూసింది. పంటి వెనక నుంచి లైటు వేసి ముందు నుంచి చూసింది. మచ్చ ఎంత లోతుందో అలా తెలుస్తుందట. ఆవిడ చెప్పిన మొదటి మాట: 'ఏ ట్రీట్‌మెంట్ అని తర్వాత అడుగు. ముందు మరక ఎక్కడుందో తెలుసుకో.'

నాకు అర్థమైనంతలో మీకూ చెప్తాను. పన్ను పైన ఉండే తెల్లటి గట్టి పొర ఎనామిల్. ముందు పళ్ల మీద దాని మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ, చిగురు దగ్గర ఇంకా పల్చన. అది ఒకసారి పోతే మళ్లీ పెరగదు. గోరు, వెంట్రుక లాంటిది కాదు. దాని కింద డెంటిన్, అది సహజంగానే లేత పసుపు. అందుకే ఆరోగ్యంగా ఉన్న పన్ను కూడా కాగితంలా తెల్లగా ఉండదు.

మరకలు మూడు రకాలు. ఒకటి, పైపైన అంటుకున్నవి. టీ, కాఫీ, సిగరెట్, గుట్కా, పేరుకున్న గార. రెండు, ఎనామిల్ లోపలే ఉన్నవి. ఫ్లోరైడ్ మచ్చలు ఈ కోవలోవే. మూడు, ఇంకా లోపల డెంటిన్‌లో ఉన్నవి. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ మందులు వాడితే పడే బూడిదరంగు పట్టీలు, దెబ్బ తగిలి లోపల నరం చచ్చిపోయి నల్లబడ్డ ఒంటి పన్ను ఇలాంటివి. మూడూ బయటికి 'పసుపు పళ్లు'గానే కనిపిస్తాయి. కానీ మందు మూడింటికీ ఒకటి కాదు. మీ ఫ్రెండ్‌కి పనిచేసింది మీకు పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ఫ్లోరైడ్ గురించి రెండు ముక్కలు. పన్ను ఎముకలో తయారవుతున్నప్పుడు, అంటే సుమారు 8 ఏళ్లలోపు, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఎనామిల్ సరిగ్గా గట్టిపడదు. లోపల సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి. అవే తెల్ల మచ్చలు. పన్ను బయటికొచ్చాక ఆ రంధ్రాల్లోకి రంగు చేరి గోధుమ చారలవుతాయి. అంటే బ్రష్ చేయకపోవడం వల్ల వచ్చినవి కావివి. ఆ హాస్టల్ అమ్మాయికి ఇప్పుడైతే ఈ జవాబు చెప్పేదాన్ని.

తీవ్రతను కొలవడానికి డాక్టర్లు డీన్ సూచీ వాడతారు. పంటి మీద పావు వంతులోపు మచ్చలుంటే అతి స్వల్పం, సగంలోపైతే స్వల్పం, పన్నంతా పాకితే మధ్యస్థం, గుంటలు పడితే తీవ్రం. నా పళ్లలో ఎక్కువ శాతం స్వల్పం, గుంటలున్న రెండు మాత్రం తీవ్రం. ఒకే నోట్లో రెండు రకాలన్నమాట. కాబట్టి పదింటికీ ఒకే మందు ఎందుకు?

మెట్టు మెట్టుగా

డాక్టరమ్మ ట్రీట్‌మెంట్లను మెట్లుగా చెప్పింది. కింది మెట్టులో పంటికి నష్టం తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. పై మెట్టు నుంచి కిందికి దిగడం కుదరదు. నేను విన్న రేట్లు కూడా రాస్తున్నాను. ఊరిని బట్టి, క్లినిక్‌ని బట్టి ఇవి మారతాయి.

1. క్లీనింగ్, పాలిషింగ్: వెయ్యి, పదిహేను వందలు. టీ మరకలు, గార దీంతోనే పోతాయి. చాలామందికి ఇక్కడితోనే సగం సమస్య తీరిపోతుంది. ఏ ట్రీట్‌మెంట్‌కైనా ముందు ఇది చేయించుకోవాల్సిందే, లేకపోతే పంటి అసలు రంగేంటో తెలీదు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న మాట నమ్మకండి. గార పోయి సందులు కనిపిస్తాయంతే.

2. బ్లీచింగ్: పెరాక్సైడ్ జెల్ ఎనామిల్‌లోకి దిగి రంగు పదార్థాన్ని విరగ్గొడుతుంది. పన్ను కొయ్యడం ఉండదు. క్లినిక్‌లో చేసేదైతే 35, 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, గంటా గంటన్నరలో అయిపోతుంది. నాకు పది పన్నెండు వేలు చెప్పారు. ఇంట్లో చేసుకునేదైతే మీ పళ్ల అచ్చు తీసి పల్చటి ట్రేలు చేసిస్తారు. వాటిలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసుకుని రాత్రి పడుకోవాలి. రెండు వారాల నుంచి మొదలు. ఈ పద్ధతి 1989 నుంచి వాడుకలో ఉంది. ఖర్చు ఏడెనిమిది వేలు.

బ్లీచింగ్‌తో మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి. పళ్లు జివ్వుమంటాయి, చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. క్యాప్‌లు, పాత ఫిల్లింగుల రంగు మారదు, చుట్టూ ఉన్న పళ్లు తెల్లబడి అవి మాత్రం అలాగే మిగిలిపోతాయి. ఫ్లోరైడ్ తెల్ల మచ్చలు బ్లీచ్‌తో పోవు. పక్కనున్న పన్ను తెల్లబడి మచ్చ అందులో కలిసిపోతుంది, అంతే. టెట్రాసైక్లిన్ పట్టీలకైతే నెలల తరబడి చేయాలి, అప్పటికీ పూర్తిగా పోతాయన్న హామీ లేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగడం మంచిది.

3. మైక్రోఅబ్రేషన్: పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్, సన్నటి రాపిడి పొడి కలిపిన పేస్టుతో పైపొరను కొద్దిగా రుద్దుతారు. పోయేది మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే రెండు వంతులు. లోతు లేని గోధుమ చారలకు ఇది బాగా పనిచేస్తుంది. చిగుళ్లకు తగలకుండా రబ్బరు షీటు వేసి, డాక్టరే చేయాలి. పంటికి పదిహేను వందలు చెప్పారు.

4. రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్: జర్మనీ కంపెనీ తెచ్చిన 'ఐకాన్' పేరుతో ఎక్కువమందికి తెలుసు. ఇందులో సైన్సు నాకు భలే నచ్చింది. తెల్ల మచ్చ నిజానికి రంగు కాదు. ఎనామిల్ రంధ్రాల్లో గాలి, నీరు ఉండటంతో వెలుగు అక్కడ చెదిరిపోయి తెల్లగా కనిపిస్తుంది. ఆ రంధ్రాల్లోకి నీళ్లలా పల్చటి రెజిన్‌ను పీల్పిస్తే, అది వెలుగును దాదాపు ఎనామిల్‌లాగే పంపుతుంది. మచ్చ మాయమైపోతుంది. తడి నేల మీద ముగ్గు వెలిసినట్టు! ఆరిన పంటి మీద మచ్చ ఎక్కువగా కనిపించి, తడి పంటి మీద తగ్గడం కూడా ఇందుకే. మంచి విషయం ఏంటంటే, ముందుగా ఆల్కహాల్ చుక్క వేసి చూస్తే ఫలితం ఎలా ఉండబోతోందో కాస్త తెలిసిపోతుంది. లోతైన మచ్చలకు అంత పనిచేయదు. పంటికి నాలుగైదు వేలు.

5. కాంపోజిట్ బాండింగ్, కాంపోజిట్ వెనీర్లు: పంటి రంగు మెటీరియల్‌ను పంటి మీద పొరలు పొరలుగా పెట్టి, నీలి లైటుతో గట్టిపరుస్తారు. గుంటలకు ఇదే సరైనది. పన్ను కొయ్యాల్సింది తక్కువ, ఒక్కోసారి అసలుండదు. విరిగితే అతికించొచ్చు. కానీ ఐదారేళ్లకు మార్చుకోవాల్సి వస్తుంది. టీ, పసుపు మరకలు పడతాయి. పంటికి మూడు నుంచి ఐదు వేలు.

6. పింగాణీ వెనీర్లు: పంటి ముందు భాగాన్ని 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల దాకా అరగదీసి, గోరంత పల్చటి పింగాణీ పలక అతికిస్తారు. చూడ్డానికి వీటికి మించింది లేదు. మరక పట్టవు. బాగా చేస్తే పది పదిహేనేళ్లు వస్తాయి. పంటికి పన్నెండు, పదిహేను వేలు. మరకలు చాలా లోతుగా, ముదురుగా ఉన్నవాళ్లకు ఇది సరైన దారే కావచ్చు. కానీ ఒక లెక్క వేసుకోండి: 27 ఏళ్లకు పెట్టించుకుంటే, పదిహేనేళ్ల చొప్పున 42కి ఒకసారి, 57కి ఒకసారి మళ్లీ మార్చాలి. ఇవాళ కట్టేది మొదటి వాయిదా మాత్రమే.

7. క్యాప్‌లు: పన్ను చుట్టూ అరగదీసి టోపీలా తొడుగుతారు. రూట్ కెనాల్ అయిన పంటికి, సగం విరిగిన పంటికి ఇవి ప్రాణం పోస్తాయి. గట్టి పన్నుకు రంగు కోసం వేస్తే పోయేది ఎక్కువ. అరగదీత లోతైతే నరం దెబ్బతిని, తర్వాతెప్పుడో రూట్ కెనాల్ దాకా పోయే ప్రమాదం కూడా ఉంది. రీల్స్‌లో 'వెనీర్లు' అని చెప్పి చూపించేవి చాలాసార్లు ఇవే. కుర్రాళ్లు విమానమెక్కి వెళ్లి మరీ వేయించుకొచ్చే ఈ పళ్లకు బ్రిటన్‌లో 'టర్కీ టీత్' అని పేరే పడింది.

మొదటి క్లినిక్ నన్ను నేరుగా ఏడో మెట్టు మీద నిలబెట్టింది. మధ్యలో ఉన్న ఆరు మెట్ల పేర్లు కూడా చెప్పలేదు.

'నీ పళ్లు గట్టిగున్నాయమ్మా. రంగే బాలేదు. రంగు కోసం గట్టి పన్ను కొయ్యడం ఆఖరి మాట' అంది డాక్టరమ్మ. ఆ మాటతోనే నా నిర్ణయం సగం అయిపోయింది.

నేను ఎంచుకున్నది

కాలేజీ ఆస్పత్రికి పగలే వెళ్లాలి, నాకేమో సెలవులు లేవు. అందుకని ఆ కాగితం పట్టుకుని ఆఫీసు దగ్గరున్న ఎండోడాంటిస్ట్ దగ్గర చేయించుకున్నాను. ముందు క్లీనింగ్, వెయ్యి. పై ఆరు ముందు పళ్లకు మైక్రోఅబ్రేషన్, 9,000. ఇంటి బ్లీచింగ్ ట్రేలు, జెల్ కలిపి 7,000. గుంటలున్న రెండు పళ్లకు కాంపోజిట్, 8,000. మొత్తం 25,000. దాదాపు మూడు నెలలు పట్టింది.

ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్తాను. మైక్రోఅబ్రేషన్‌తో గోధుమ చారలు చాలావరకు పోయాయి. అద్దంలో చూసుకుని పది నిమిషాలు కదల్లేదు. బ్లీచింగ్ మొదలెట్టిన మూడో రోజుకు తెల్ల మచ్చలు ఇంకా ఎక్కువ కనిపించాయి. ఇలా జరుగుతుందని ముందే చెప్పారు కాబట్టి బెంగపడలేదు. రెండో వారం చివరికి కలిసిపోవడం మొదలెట్టాయి. చల్లటి నీళ్లు తాగితే ప్రాణం పోయినంత పనయ్యేది. పళ్లు జివ్వుమనడానికి వాడే పొటాషియం నైట్రేట్ పేస్టు, ఒక్కో రాత్రి విరామం, వీటితో గట్టెక్కాను. డాక్టర్ టీ, పసుపు తగ్గించమంటే అమ్మ నెలరోజులు నాకు పెరుగన్నం, ఇడ్లీ పెట్టింది. పప్పుచారు లేని నెల అది!

బ్లీచింగ్ అయ్యాక రెండు వారాలు ఆగి కాంపోజిట్ పెట్టారు. వెంటనే పెడితే సరిగ్గా అంటుకోదట. పైగా రంగు కుదుటపడాలి కదా, లేకపోతే ఏ షేడ్‌కి మ్యాచ్ చేస్తారు?

నా పళ్లు రీల్స్ తెలుపు కాలేదు. ఎండలో దగ్గర్నుంచి చూస్తే మబ్బు మచ్చలు ఇంకా లీలగా ఉన్నాయి. ఒక కాంపోజిట్ అంచు టీకి కాస్త పసుపెక్కింది, పాలిష్‌కి వెళ్లాలి. కానీ పళ్లు నావే. రేపు ముప్పై ఐదేళ్లకు వెనీర్లు కావాలనిపిస్తే ఆ దారి తెరిచే ఉంది. మొదటే పళ్లన్నీ చెక్కించుకుని ఉంటే వెనక్కి రావడానికి దారే లేదు.

మిగిలిన డబ్బు అమ్మ చేతిలో పెట్టి, 'నువ్వు కూడా చూపించుకో' అన్నాను. 'నాకెందుకే, ఈ వయసుల నన్నెవరు జూస్తరు' అని కొట్టిపారేసింది. నేను వదల్లేదు, క్లీనింగ్‌కైనా తీసుకెళ్లాను. మా వైపు ఫ్లోరైడ్ పళ్ల దగ్గరే ఆగలేదు. ఎముకలకెక్కి నడుములు వంగిపోయినవాళ్లు, కర్ర లేకుండా నాలుగడుగులు వేయలేనివాళ్లు ఉన్నారు. వాళ్ల మధ్య పెరిగి పళ్ల రంగు గురించి బాధపడటం తప్పేమో అని ఒక్కోసారి అనిపించేది. తప్పు కాదు. నవ్వుకు అడ్డం పెట్టుకునే చెయ్యి కూడా ఓ బరువే. కాకపోతే, ఏది ప్రాణం మీదికి వచ్చే జబ్బో ఏది అందం సంగతో తేడా తెలిస్తే, అందం కోసం తొందరపడి గట్టి పన్ను పోగొట్టుకోం.

కుర్చీలో కూచునే ముందు అడగాల్సినవి

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

నా మరక పైపైనా, ఎనామిల్‌లోనా, డెంటిన్‌లోనా? ఇంతకంటే తక్కువ కోతతో చేసేది ఏమైనా ఉందా, ఉంటే అది నాకెందుకు వద్దంటున్నారు? నా పన్ను ఎంత అరగదీస్తారు, మిల్లీమీటర్లలో చెప్పండి. మీరు పెట్టేది వెనీరా, క్యాపా? ఎన్నేళ్లు వస్తుంది, ఊడినా విరిగినా ఎంత కట్టాలి? ఒక్క పంటి మీద ముందు చేసి చూపిస్తారా?

ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట చేయించుకోకండి. బ్యూటీ పార్లర్లలో చేసే 'టీత్ వైటెనింగ్' జోలికి అసలు వెళ్లకండి. చేసేవాళ్లు డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టరైన డాక్టరై ఉండాలి. రెండో అభిప్రాయానికి డబ్బుల్లేవంటే ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి, కడపలో ఒకటి. లైన్లో నిలబడాలి, నిజమే. పది పళ్ల కన్నా ఓ పూట ఎక్కువేం కాదు.

ఇంట్లో చిట్కాల గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. బొగ్గు పొడి పంటిని గరుగ్గా రుద్దేస్తుంది. నిమ్మరసం యాసిడ్, ఎనామిల్‌ను కరిగిస్తుంది. కొద్దిరోజులు తెల్లగా కనిపించినా, పైపొర అరిగేకొద్దీ కింద పసుపు డెంటిన్ బయటపడుతుంది. తెల్లబడదామని చేసింది ఇంకా పసుపు చేస్తుందన్నమాట.

ఇక చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లకు. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి పేరే 'నల్గొండ టెక్నిక్'. పటిక, సున్నం వాడి చేస్తారు, 1970లలో నాగపూర్ నీరీ శాస్త్రవేత్తలు రూపొందించారు. అంటే ఇది మన తెలుగు నేల పాత బాధే. ఇప్పుడు మా వైపు కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. అయినా బోరు నీళ్లు తాగే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాకా పర్లేదు, వేరే నీళ్లు లేనిచోట 1.5 దాకా. మీ బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించండి. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో అయితే తగ్గిస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకు పేస్టు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠానీ గింజంత చాలు. మింగకుండా చూడండి.

ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇవాళ మీరు పోసే గ్లాసుడు నీళ్లు ఎలాంటివో చూసుకుంటే, ఇరవై ఏళ్ల తర్వాత ఏ మెట్టు ఎక్కాలో వాళ్లు లెక్కలు వేసుకోనక్కర్లేదు. పెద్దవాళ్లమైన మనం మాత్రం కింది మెట్టు నుంచే మొదలుపెడదాం. ఈ వారం ముందు ఒక క్లీనింగ్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. మిగతాది మీ పళ్ల అసలు రంగు చూశాక ఆలోచించొచ్చు.